సికిల్ సెల్ ఉన్న ఇంట్లో మూడు బంతుల స్పైరోమీటర్

స్పైరోమీటర్ అంటే ఊపిరి లోతుగా పీల్చడం సాధన చేయించే చిన్న పరికరం. గుంటూరు కొత్తపేట మందుల షాపుల్లో అడగండి, ఇస్తారు. చూడ్డానికి ఆటబొమ్మే గానీ సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగే, పుట్టుకతో వచ్చే రక్తజబ్బు) ఉన్నవాళ్లకు ఎంతో అక్కరకొస్తుంది. ఈ జబ్బులో పక్కటెముకలు నొప్పెడుతుంటే ఊపిరి పైపైనే తీస్తారు. ఊపిరితిత్తుల అడుగున గాలి గదులు ముడుచుకుంటాయి, ఆక్సిజన్ తగ్గుతుంది, ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నటి నాళాలకు అడ్డం పడతాయి. అక్యూట్ చెస్ట్ సిండ్రోమ్ (ఊపిరితిత్తులు దెబ్బతినే ప్రమాదకర స్థితి) ఇలా మొదలవ్వొచ్చు. స్పైరోమీటర్‌తో లోతుగా పీలిస్తే ఆ గాలి గదులు తెరుచుకుంటాయి.

నిటారుగా కూర్చుని, గొట్టం పెదాలతో బిగించి, బంతులు లేచేలా మెల్లగా లోపలికి పీల్చాలి. మెలకువగా ఉన్నంతసేపు 2 గంటలకోసారి 10 సార్లు. చాలామంది ఊదేస్తారు, బంతి లేవదు. పరికరాన్ని పక్కకు వంచితే తేలిగ్గా లేస్తుంది, ఫలితం సున్నా. బంతులుండే గదులపై 600, 900, 1200 అంకెలు పీల్చే వేగానివి. ఎంత గాలి పట్టిందో చెప్పవు, అదే దీని లోపం. జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం ఉంటే దీంతో కాలయాపన వద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.