పాత స్విఫ్ట్‌లో కూలెంట్ వేడి ఎంత ఉండాలి? తిరుపతి ఎండల్లో ఓబీడీ స్కానర్ వాడిన అనుభవం

డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ వేడి చూపే ముల్లు మనకు ధైర్యం చెప్పడానికే ఉంది, లెక్క చెప్పడానికి కాదు. నాది 2010 నాటి పెట్రోలు స్విఫ్ట్, 1.2 లీటర్ల కె-సిరీస్ ఇంజన్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. స్టీరింగ్ కింద, ఇంజన్ కంప్యూటర్ చెప్పే వివరాలు చదవడానికి ఉండే ఓబీడీ సాకెట్‌లో ఆరేడు వందల రూపాయల బ్లూటూత్ స్కానర్ పెట్టి, కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రతను ఫోనులో అంకెల్లో చూస్తూ కొన్నేళ్లుగా తిరుపతిలో తిరుగుతున్నాను. ముల్లు చెప్పేదీ అంకె చెప్పేదీ ఎంత వేరో అప్పుడే తెలిసింది.

నా బండిలో కూలెంట్ 75 డిగ్రీలు దాటగానే ముల్లు మధ్యకు వచ్చి నిలబడుతుంది. అక్కడి నుంచి 103, 104 వరకు వెంట్రుకవాసి కూడా కదలదు. దీన్ని లోపం అనలేం. ముల్లు కాస్త ఊగితే చాలు, జనం బండిని షెడ్డుకు తోలుకుపోతారని చాలా కంపెనీలు కావాలనే ఇలా చేస్తాయి. కొత్త బండికి ఇది ఇబ్బంది కాదు. పదిహేనేళ్లు దగ్గర పడిన బండికి మాత్రం ముల్లు కదిలాక మనకు మిగిలే వ్యవధి చాలా తక్కువ.

స్కానర్ గురించి నాలుగు ముక్కలు. మార్కెట్లో చౌకగా దొరికేవన్నీ దాదాపు ఈఎల్ఎమ్327 చిప్‌కు నకళ్లే. ఫోనులో కార్ స్కానర్ లాంటి యాప్ వేసుకుంటే సరిపోతుంది. ఐఫోను ఉన్నవాళ్లు మామూలు బ్లూటూత్ రకం తీసుకోకండి, అది కలవదు. వైఫై రకం అడగండి. ఇంజన్ కంప్యూటర్ ఉష్ణోగ్రతను ఒక్క బైటుగా పంపుతుంది, అందులోంచి 40 తీసేస్తే వచ్చేదే డిగ్రీలు. కాబట్టి ఎప్పుడైనా మైనస్ 40 కనిపిస్తే కంగారు పడకుండా సెన్సార్ తీగ ఊడిందేమో చూడండి. బండ్ల పొగ కాలుష్యానికి హద్దు పెట్టే భారత్ స్టేజ్ 4 నిబంధనలు 2010లో 13 నగరాల్లో మొదలై 2017కి దేశమంతా వచ్చాయి. ఆ రకం బండి అయితే ఇది పని చేయడానికి ఎక్కువ అవకాశం ఉంది. అంతకంటే పాతదైతే స్నేహితుడి స్కానర్ అడిగి తెచ్చి పెట్టి చూశాకే కొనండి.

కొన్నాక చేయవలసిన మొదటి పరీక్ష డబ్బు ఖర్చు లేనిది. రాత్రంతా ఆగిన బండిలో తెల్లవారి తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకుండానే కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి వెళ్లే గాలి ఉష్ణోగ్రత రెండూ చూడాలి. రెండూ ఇంచుమించు ఒకటే ఉండాలి. పది డిగ్రీల తేడా ఉంటే ఏదో ఒక సెన్సార్ అబద్ధమాడుతోందని అర్థం. ఆ తరువాత అది చూపే అంకెలతో వాదించి లాభం లేదు.

ఇక అసలు సంగతి. మామూలు ఉష్ణోగ్రత అంటే ఒకే అంకె కాదు. రేణిగుంట వైపు రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు నా బండి 86 నుంచి 90 మధ్య నడుస్తుంది. లీలామహల్ సర్కిల్ దగ్గర ఏసీ లేకుండా ఇరుక్కుంటే మెల్లగా 97 దాకా ఎక్కుతుంది, ఫ్యాను తిరగడం మొదలవుతుంది, 92కు దిగాక ఆగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. ఈ ఎక్కడం దిగడం చూసి మొదట్లో గుండె దడదడలాడేది కానీ ఆరోగ్యంగా ఉన్న బండి లక్షణమే అది. ఏసీ వేస్తే ఫ్యాను ఎక్కువసేపు తిరుగుతుంది కాబట్టి అదే ట్రాఫిక్‌లో 93, 94 దగ్గరే ఉంటుంది. ఏసీ వేస్తే ఇంజన్ వేడెక్కుతుందని నమ్మేవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం వాళ్ల మాటే నిజం, ఎందుకంటే రేడియేటర్ ముందున్న, ఏసీ వేడిని బయటకు వదిలే కండెన్సర్ దాటి వచ్చే గాలి అప్పటికే వేడెక్కి ఉంటుంది.

అలిపిరి దాటి తిరుమల ఎక్కేటప్పుడు 95 నుంచి 101. కింద నుంచి పైకి దాదాపు 700 మీటర్ల ఎత్తు, అదీ రెండో గేరు, మూడో గేరులోనే. దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలి, గేరులోనే ఉంచి ఇంజన్ బ్రేకింగ్ మీద వస్తే పెట్రోలు దాదాపు ఆగిపోతుంది కాబట్టి 80కి పడుతుంది. ఆ పడడం కూడా మామూలే. నేను చూసిన అత్యధికం తిరుమల ఘాట్‌లో కాదు, చిత్తూరు దాటి పలమనేరు వెళ్లే దారిలో, మొగిలి ఘాట్‌లో. మే నెల మధ్యాహ్నం, ముందు బరువు లారీ, ఏసీ నిండుగా వేసి ఉంది. 104 వచ్చింది. తిరుమల దారిలో కనీసం చెట్ల నీడ ఉంటుంది, మలుపుల మధ్య బండి కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. ఇక్కడ లారీ వెనక నడక వేగంతో పోతుంటే రేడియేటర్‌కు ఎదురుగాలి అనేదే ఉండదు.

బయట 42 డిగ్రీలు ఉంటే ఇంజన్ కూడా అంతకు తగ్గట్టు వేడెక్కుతుందని అనుకుంటాం. అలా జరగకుండా చూడడమే, కూలెంట్ తగినంత వేడెక్కాకే దాన్ని రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ వాల్వ్ పని. కార్లలో ఇది సాధారణంగా 82 నుంచి 88 మధ్య తెరుచుకోవడం మొదలుపెడుతుంది. నా దాని మీద 82 అని ముద్రించి ఉంది. పది పదిహేను డిగ్రీలు పెరిగేసరికి పూర్తిగా తెరుచుకుంటుంది. కాబట్టి జనవరిలో అయినా మేలో అయినా మామూలు రోడ్డు మీద అంకె రెండు మూడు డిగ్రీలకు మించి మారదు. మారేది రేడియేటర్‌కు ఉన్న, చల్లబరిచే మిగులు శక్తి. కూలెంట్ 90లో, బయట గాలి 20లో ఉంటే తేడా 70 డిగ్రీలు. గాలి 42 అయితే తేడా 48కి పడిపోతుంది. అంటే అదే రేడియేటర్ మూడో వంతు బలం పోగొట్టుకుంటుంది. జనవరిలో కనిపించని సగం మూసుకుపోయిన రేడియేటర్ మేలో బయటపడడానికి కారణం ఇదే.

ఫోనులో 100 కనిపిస్తే చాలామంది నీళ్లు మరిగిపోతున్నాయని భయపడతారు. మూత లేని గిన్నెలో నీళ్ల లెక్క అది. నా రేడియేటర్ మూత 0.9 బార్ ఒత్తిడి నిలుపుతుంది. ఆ ఒత్తిడిలో ఉత్త నీళ్లే 118 దాకా మరగవు, సగం కూలెంట్ కలిసిన మిశ్రమం 120 దాటినా మరగదు. ఇదంతా మూత బాగున్నంతసేపే. ఒకసారి కొండ మీదకు చేరాక ఫోనులో 98 మాత్రమే ఉంది, కానీ బానెట్ కింద రిజర్వు డబ్బాలో బుడగలు, గుడగుడ శబ్దం. తిరుమల ఎత్తులో ఒత్తిడి లేని నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి కదా, మూత ఒత్తిడి నిలపడం లేదని తేలిపోయింది. మూత మార్చాక మళ్లీ ఆ శబ్దం లేదు. స్కానర్ ఈ జబ్బును ఒంటరిగా కనిపెట్టలేదు. అంకె, శబ్దం రెండూ కలిస్తేనే తెలిసింది.

అందరూ పైకి పోయే అంకెల గురించే మాట్లాడతారు. నా దృష్టిలో ఈ స్కానర్ చేసిన అసలు మేలు కిందికి పడిన అంకెలను చూపడం. కొన్న కొత్తలో చంద్రగిరి వైపు చలికాలం పొద్దున వెళ్తుంటే 66, 68 దగ్గరే తచ్చాడేది. కాసేపు ఎక్కడైనా ఆగితే 90, మళ్లీ కదిలితే 70. విప్పి చూస్తే థర్మోస్టాట్ వాల్వే లేదు. పాత యజమాని ఎవరో తీయించేశారు. మా ప్రాంతంలో ఇది కొత్త కాదు. "అన్నా, మన ఎండలకు అది అక్కరలేదు, తీసేస్తే ఇంజన్ చల్లగా ఉంటుంది" అనే మెకానిక్ మాట మీరు కూడా వినే ఉంటారు.

మాట వినడానికి బాగుంది, లెక్కకు నిలవదు. ఘాట్ ఎక్కేటప్పుడు 95 దాటాక మంచి వాల్వ్ ఎలాగూ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. అవసరమైన చోట దాన్ని తీసేయడం వల్ల దక్కేది దాదాపు సున్నా. పోయేది మాత్రం అవసరం లేని చోటంతా పోతుంది. ఇంజన్ ఇంకా వేడెక్కలేదనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. ఆయిల్ తగినంత వేడెక్కదు, అందులో చేరిన తేమ ఆవిరైపోదు, ఆయిల్ మూత లోపల పాలమీగడ రంగు జిగురు పడుతుంది. నా బండిలో అది కూడా ఉంది. కొత్త వాల్వ్, రబ్బరు రింగు కలిపి వెయ్యి రూపాయల లోపే అయ్యాయి. గాలి పోయే చిన్న రంధ్రం పై వైపుకు ఉండేలా బిగించాలి, తరువాత కూలెంట్ పోసి గాలి బుడగలు పూర్తిగా తీయాలి. ఆ మర్నాడు అదే చంద్రగిరి దారిలో 87. మైలేజీ లీటరుకు కిలోమీటరుకు పైగా పెరిగింది. కొండ ఎక్కేటప్పుడు అంకె మాత్రం అటూ ఇటూ కాలేదు.

నీళ్ల సంగతి వదలలేను. చిత్తూరు, తిరుపతి వైపు బోరు నీళ్లు గీజర్‌ను, కుళాయిలను ఏం చేస్తాయో ప్రతి ఇంట్లో తెలుసు. అవే నీళ్లు రేడియేటర్‌లో పోస్తే సన్నని గొట్టాల లోపల అదే తెల్ల పొర కడుతుంది. ఈ ఇంజన్ అల్యూమినియంది, దానికి తుప్పు నిరోధకాలు ఉన్న కూలెంట్ కావాలి. కలిపి అమ్మే కూలెంట్ కొనండి, లేదా డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపండి. దారిలో దిక్కులేక తాగే నీళ్లు పోస్తే తప్పులేదు. ఇంటికి వచ్చాక దాన్ని తీయించి మళ్లీ నింపండి.

స్కానర్‌లో నచ్చనివీ ఉన్నాయి. వారం రోజులు బండి తీయకపోతే బ్యాటరీని మెల్లగా తాగేస్తుంది, అందుకే ఊరెళ్తే పీకి డ్రాయర్‌లో పెడతాను. పాత బండి కాబట్టి అంకె మారడానికి ఒక క్షణం పడుతుంది, అప్పుడప్పుడు తెగి మళ్లీ కలుస్తుంది. "రోడ్డు చూడండి, ఆ ఫోను కాదు" అని మా ఆవిడ అన్నప్పటి నుంచి యాప్‌లో 105 దగ్గర శబ్దం వచ్చేలా పెట్టి తెర ఆపేశాను. అన్నిటికంటే పెద్ద లోపం వేరు. కూలెంట్ కారిపోతే సెన్సార్ ద్రవంలో కాకుండా ఆవిరిలో, గాలిలో మిగులుతుంది. అప్పుడు ఇంజన్ కాలిపోతున్నా తక్కువ అంకె చూపవచ్చు. డబ్బాలో మట్టం చూడడానికి స్కానర్ పనికిరాదు, పొద్దున్నే చల్లని ఇంజన్ మీద కళ్లతో చూడాల్సిందే.

105 మోగితే నేను చేసేది ఇది: ఏసీ ఆపి, హీటర్ నిండుగా పెట్టి, కిటికీలు దించుతాను. లోపల కూర్చున్నవాళ్లు తిడతారు, కానీ హీటర్ కూడా చిన్న రేడియేటరే. తగ్గకపోతే చోటున్న దగ్గర పక్కకు తీసి, ఆవిరి రానంతవరకు ఇంజన్‌ను ఐడిల్‌లోనే ఉంచుతాను, పంపు, ఫ్యాను తిరుగుతాయి కాబట్టి. ఆవిరి వచ్చినా, మట్టం పడిపోయినా వెంటనే ఆపేయాలి. వేడి మీద మూత జోలికి వెళ్లవద్దు, ఒత్తిడి తగ్గగానే లోపలి నీళ్లు ఒక్కసారిగా ఆవిరై మొహం మీదకు వస్తాయి.

డీజిల్ బండ్లవాళ్లు నా అంకెలు తీసుకోకండి. ఐడిల్‌లో డీజిల్ ఇంజన్ చాలా తక్కువ వేడి పుట్టిస్తుంది, చలికాలం 80కి రావడానికే సమయం తీసుకుంటుంది. ఓబీడీ లేని పాత జీపులకు సన్నని రాగి గొట్టంతో వచ్చే మెకానికల్ మీటరు దొరుకుతుంది. పై రేడియేటర్ గొట్టం దగ్గర అడాప్టర్ వేసి బిగిస్తారు. మా వీధిలో ఒకాయన జీపుకు అదే ఉంది, నా ఫోనుకంటే నమ్మకంగా పని చేస్తోంది.

ఈ మార్చిలో కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య ఇరుక్కున్న దుమ్ము, పురుగులు నీళ్లతో కడిగించాను. ప్రెషర్ గన్ వాడనివ్వలేదు, రెక్కలు వంగిపోతాయి. ఘాట్‌లో రెండు మూడు డిగ్రీలు తగ్గింది. పై గొట్టం చివర నొక్కితే మెత్తగా తగులుతోంది, మే రాకముందే దాన్ని మార్పించాలి.