మాస్క్‌డ్ టెక్స్ట్‌బాక్స్: ఏళ్ల తరబడి వాడాక

మాస్క్‌డ్ టెక్స్ట్‌బాక్స్ అంటే ‘మాస్క్’ అనే నమూనాకు సరిపోయే అక్షరాలనే తీసుకునే గడి. డెస్క్‌టాప్ యాప్‌ల స్క్రీన్లు కట్టే విండోస్ ఫారమ్స్‌లో ఇది డాట్‌నెట్ 2.0 నుంచీ ఉంది. ఆధార్, పాన్, పిన్‌కోడ్ లాంటి పొడవు మారని గడులకు ఇప్పటికీ నా ఓటు దీనికే. డిజైనర్‌లో లాగి పడేసి, మాస్క్ రాసి వదిలేస్తే మాత్రం ఏడిపిస్తుంది.

తంటా అంతా టెక్స్ట్‌మాస్క్‌ఫార్మాట్‌తోనే. గడిలోని టెక్స్ట్ ఏ రూపంలో బయటికి రావాలో చెప్పే ప్రాపర్టీ ఇది. డిఫాల్ట్ ఇన్‌క్లూడ్‌లిటరల్స్, అంటే మాస్క్‌లో ఉండే ఖాళీలు, స్లాష్‌ల లాంటి మారని గుర్తులు (లిటరల్స్) కూడా కలిసి వస్తాయి. 0000 0000 0000 మాస్క్‌లో కొట్టిన ఆధార్ ఖాళీలతో కలిపి 14 అక్షరాలై బయటికొస్తుంది. టేబుల్‌లో కాలమ్ 12 అయితే సేవ్ దగ్గర ఎర్రర్. తేదీ గడిలో ఏమీ కొట్టకపోయినా టెక్స్ట్‌లో రెండు స్లాష్‌లు ఉంటాయి, అందుకే ‘ఖాళీగా ఉందా’ అన్న చెక్ బోల్తా పడుతుంది. ఆ లిటరల్స్‌ని తీసేసే ఎక్స్‌క్లూడ్‌ప్రాంప్ట్‌అండ్‌లిటరల్స్ పెడితే రెండూ తీరతాయి. గడి నిండిందో లేదో మాస్క్‌కంప్లీటెడ్‌ని అడగండి.

ఐఎఫ్ఎస్‌సీకి మాత్రం ఆ మందు పనికిరాదు. అందులో నాలుగు అక్షరాలు, ఒక సున్నా, తర్వాత ఆరు. మాస్క్‌లో 0 అంటే ‘ఏదో ఒక అంకె’ కాబట్టి ఐదో చోట \0 రాయాలి. అప్పుడది లిటరల్. లిటరల్స్ తీసేయమంటే ఆ సున్నా కూడా పోయి, 11 అక్షరాల కోడ్ 10కి దిగుతుంది. ఈ ఒక్క గడికి ఇన్‌క్లూడ్‌లిటరల్స్ ఉంచండి. మాస్క్‌ను సీషార్ప్ కోడ్‌లో రాస్తుంటే ఆ బ్యాక్‌స్లాష్ రెండుసార్లు కొట్టాలి, లేదంటే అది నల్ క్యారెక్టర్ అయి కూర్చుంటుంది. ముందు > పెడితే అక్షరాలు వాటంతటవే క్యాపిటల్స్ అవుతాయి, పాన్‌కీ అంతే.

ఖాళీ గడి మధ్యలో మౌస్‌తో క్లిక్ చేస్తే కర్సర్ అక్కడే ఆగుతుంది, మొదటి అంకె ఏ ఏడో చోటో పడుతుంది. గడిలోకి రాగానే నడిచే ఎంటర్ ఈవెంట్‌లో, కర్సర్‌ను మొదటికి తెచ్చే సెలెక్ట్(0, 0) రాసినా క్లిక్ దాన్ని మళ్లీ చెరిపేస్తుంది. క్లిక్ పని అయ్యాకే నడిచేలా ఆ పిలుపును బిగిన్‌ఇన్‌వోక్‌లో పెట్టాలి.

పేస్ట్ సంగతి ఇంకా చిరాకు. పది అంకెల మొబైల్ గడిలో +91తో మొదలయ్యే నంబరు పేస్ట్ చేస్తే ప్లస్ ఒక్కటే తిరస్కరణకు గురవుతుంది. 91 దర్జాగా మొదటి రెండు చోట్ల కూర్చుంటుంది, అసలు నంబరులో చివరి రెండు అంకెలు రాలిపోతాయి. బీప్‌ఆన్‌ఎర్రర్ డిఫాల్ట్‌గా ఆఫ్, కాబట్టి చప్పుడు కూడా ఉండదు. రిజెక్ట్‌ఇన్‌పుట్‌ఆన్‌ఫస్ట్‌ఫెయిల్యూర్ ఆన్ చేయండి, మొదటి తప్పు అక్షరం దగ్గరే పేస్ట్ ఆగిపోతుంది.

తెలుగు పేర్లకు మాత్రం మామూలు టెక్స్ట్‌బాక్సే పెట్టండి. మాస్క్‌లో ఎల్ అంటే యూనికోడ్ లెక్కలో ‘అక్షరం’ మాత్రమే. దీర్ఘాలు, కొమ్ములు ఆ లెక్కలోకి రావు. రాము అని కొడితే రమ అని పడుతుంది.