408కి 600 కలిపితే 1008: బెంగళూరులో ఒక కెనడా పీఆర్ కన్సల్టెన్సీ

ఐదుకి రెండు నక్షత్రాలు. ఆ రెండూ అక్కడ డాక్యుమెంటేషన్‌లో పనిచేసిన ఒక కన్నడ అమ్మాయివి. ఆఫీసు వంతు సున్నా. పేరు రాయడం లేదు, రాయనని కాగితం మీద సంతకం పెట్టాను. ఆ సంగతి తర్వాత.

మాది ప్రొద్దుటూరు. పదేళ్లకు పైగా బెంగళూరులో, ప్రస్తుతం మహదేవపురలో ఉంటున్నాం. నేను టెస్టింగ్‌లో లీడ్‌ని, మా ఆయన కార్ల ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఇంజనీరు. విదేశం అనుకున్నప్పుడు అమెరికా మాట ఎత్తకపోవడానికి కారణం మా అన్నయ్య. 2013లో హెచ్-1బీ లాటరీలో పేరొచ్చి డాలస్ వెళ్లాడు. మూడేళ్లు, పొడిగిస్తే ఇంకో మూడేళ్లు, ఆరేళ్లతో అయిపోవాల్సిన వీసా అది. గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే ఐ-140 అర్జీ అప్రూవ్ అయింది కాబట్టి ఆరేళ్లు దాటాక కూడా మూడేసి ఏళ్ల చొప్పున పెంచుకుంటూ ఉన్నాడు. గ్రీన్ కార్డు మాత్రం రాలేదు. ఉద్యోగాల కోటాలో ఏడాదికి సుమారు 1,40,000 గ్రీన్ కార్డులు. ఏ దేశం వాళ్లకైనా అందులో మామూలుగా 7 శాతానికి మించి రావు. ఆ పరిమితి మనకీ, ఐస్‌లాండ్‌కీ ఒకటే. అన్నయ్య ప్రయారిటీ డేట్, అంటే క్యూలో చేరిన తేదీ, 2016. 2023లో మనవాళ్ల ఈబీ-2 క్యూ, అంటే అన్నయ్య ఉన్న కేటగిరీ, ఇంకా 2011, 2012 దగ్గరే తచ్చాడుతోంది. మా నాన్న పంచాంగంలో వర్జ్యం చూసుకున్నట్టు వాడు నెలనెలా ఆ క్యూ ఎంతవరకొచ్చిందో చెప్పే వీసా బులెటిన్ చూసుకుంటాడు. ఏడాది పిల్లగా ఇక్కణ్ణుంచి తీసుకెళ్లిన కూతురికి అప్పటికే పదకొండు. 21 దాటితే వాళ్ల వీసా మీద ఉండే వీల్లేదని వదినకి ఇప్పట్నుంచే బెంగ.

కెనడా అలా కాదన్నారు. 2015 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ఉంది. ఉద్యోగం లేకపోయినా వయసు, చదువు, ఇంగ్లీషు, అనుభవం లెక్కగట్టి 1200కి పాయింట్లు వేస్తారు, కటాఫ్ దాటితే నేరుగా పీఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి, పిలుస్తారు. తాత్కాలికం, తర్వాత శాశ్వతం అన్న గొడవే లేదు. ఈ మాట నాకు బాగా నచ్చింది. నచ్చినప్పుడే కాస్త ఆగి ఉండాల్సింది.

2023 ఆగస్టులో ఒక శనివారం వాళ్ల ఆఫీసుకి వెళ్లాం. కౌన్సెలర్ నెల్లూరు అబ్బాయి. "అక్కా, మీది ప్రొద్దుటూరా! మనవాళ్లే. మేనేజర్‌తో మాట్లాడి నేను తగ్గిస్తాలే" అన్నాడు. మంచినీళ్లు, కాఫీ, ఏసీ, అన్నీ బాగానే ఉన్నాయి. తెల్లకాగితం తీసుకుని చకచకా వేశాడు. నాకప్పుడు 32, భార్యాభర్తల ఫైల్ కాబట్టి వయసుకి 85. బీటెక్‌కి 112. ఐఈఎల్‌టీఎస్‌లో లిజనింగ్ 8, మిగతా మూడూ ఏడేసి తెచ్చుకుంటే 116. మా ఆయన డిగ్రీకి 8, ఆయన ఇంగ్లీషుకి 12. చదువూ ఇంగ్లీషూ కలిపి చూసినందుకు 25, అనుభవమూ ఇంగ్లీషూ కలిపినందుకు 50. మొత్తం 408. ఆ లెక్క నిజమే, తర్వాత నేనూ సరిచూసుకున్నాను. దాని కింద "పీఎన్‌పీ 600" అని రాసి, కూడి, చుట్టూ సున్నా చుట్టాడు. 1008.

"అర్చనకి సరిపోయే నంబరు వచ్చిందే" అని మా ఆయన నవ్వాడు. "శుభం సార్, మంచి నంబరు" అన్నాడు ఆ అబ్బాయి, ఏ మాత్రం తొణక్కుండా. లక్ష రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ. ఆ రోజే కార్డు గీశాం.

ఆ 600 గురించి చెప్పాలి, ఎందుకంటే వ్యాపారమంతా దాని మీదే నడుస్తోంది. పీఎన్‌పీ అంటే ప్రావిన్సు నామినేషన్. ఏదైనా ప్రావిన్సు, అంటే అక్కడి రాష్ట్రం, నామినేట్ చేస్తే 600 కలుస్తాయి, అది అబద్ధం కాదు. కానీ నామినేట్ చేయాల్సింది ప్రావిన్సు. ఆంటారియో లాంటివి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ప్రొఫైల్ పెట్టినవాళ్లలోంచి తమకు కావలసినవాళ్లని తామే ఏరుకుని పిలుస్తాయి. మనం లక్ష కట్టామని పిలవవు. తిరుపతిలో దర్శనం చేయిస్తానని డబ్బు తీసుకుని నన్ను సర్వదర్శనం క్యూలో నిలబెట్టినట్టయింది. క్యూ ఉచితమే కదా స్వామీ, ఆ మాత్రం నేనే నిలబడేదాన్ని. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ప్రొఫైల్ పెట్టడానికి కూడా కెనడా ప్రభుత్వం పైసా తీసుకోదు. ఈ సంగతి నాకు డబ్బు కట్టిన ఐదు నెలలకి తెలిసింది.

ఇక వాళ్లు చేసిన పని. చెక్‌లిస్ట్ పంపారు. ప్రభుత్వ సైట్‌లో ఉన్నదే, పైన వీళ్ల లోగో. డిగ్రీ మదింపుకి ట్రాన్స్‌క్రిప్ట్‌లు కావాలి, "యూనివర్సిటీ సపోర్ట్ మా ప్యాకేజీలోనే ఉంది" అన్నారు. చివరికి సెలవు పెట్టి అనంతపురం జేఎన్‌టీయూకి బస్సెక్కింది నేనే. పొద్దున్నే బయల్దేరితే నాలుగు గంటలు. పని అయ్యాక ఉగ్గాని బజ్జీ తిని తిరిగొచ్చాను. ఈ మొత్తం వ్యవహారంలో నాకు మిగిలిన సుఖం అదొక్కటే.

ఐఈఎల్‌టీఎస్‌లో లిజనింగ్ 8, రీడింగ్ 7.5, స్పీకింగ్ 7, రైటింగ్ 6.5 వచ్చాయి. అర బ్యాండే కదా అనుకున్నాను. ఆ అర బ్యాండ్‌తో నా 408 కాస్తా 364 అయింది. రైటింగ్‌లో పోయింది 7 పాయింట్లే. కానీ నాలుగింటిలో ఒక్కటి తగ్గినా ఆ కలిపి ఇచ్చే 25, 50 ఉన్నాయే, అవి 13, 25 అయిపోతాయి. మొత్తం 44 పోయాయి. నెల్లూరు అబ్బాయికి ఫోన్ చేస్తే "మళ్లీ రాయండక్కా, మా కోచింగ్ కూడా ఉంది" అన్నాడు. కోచింగ్‌కి వేరే డబ్బు.

కాగితాలివ్వడానికి వెళ్లినప్పుడు డాక్యుమెంటేషన్ సీట్లో ఈ అమ్మాయి ఉంది. పాతికేళ్లు ఉండవు. నా స్కోరు చూసి, అటూ ఇటూ చూసి, వచ్చీరాని తెలుగులో మెల్లగా చెప్పింది: "మేడమ్, మళ్లీ రాయొద్దు. రీ-ఇవాల్యుయేషన్ వేయండి. మార్కు మారితే ఆ ఫీజు వాపస్ వస్తుంది." పరీక్ష రాసిన ఆరు వారాల్లోపు అడగాలట. అడిగాను. రైటింగ్ 7 అయింది. ఫీజు తిరిగొచ్చింది. లక్షా పద్ధెనిమిది వేలకి ఆ ఆఫీసు నుంచి నాకు అందిన సేవ అదే, అది కూడా వాళ్లకు తెలియకుండా అందింది. మూడు నెలల తర్వాత వెళ్తే ఆ సీట్లో వేరే వాళ్లున్నారు.

అప్పట్నుంచి నేనే చదవడం మొదలుపెట్టాను, చదివేకొద్దీ టెన్షన్ పెరిగింది. ఉద్యోగం కోడ్ దగ్గర నాకు 21231 వేశారు, అంటే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, డిజైనరు. నేను చేసేది టెస్టింగ్, దానికి వేరే కోడ్ 22222 ఉంది. "ఇంజనీర్ అంటే బాగుంటుందక్కా" అన్నారు. రేపు అనుభవ పత్రంలో నా పనులు టెస్టింగ్ అని ఉండి, ఫారంలో ఇంజనీరు అని ఉంటే? తప్పు సమాచారం ఇచ్చారని తేలితే ఐదేళ్లు కెనడాకి దరఖాస్తే పెట్టకూడదు. ఆ ఐదేళ్లు పడేది నా మీద, వాళ్ల మీద కాదు. నిధులు చూపించే దగ్గర కూడా ఇదే తీరు. 2024లో ఇద్దరికి 18,288 కెనడా డాలర్లు ఉండాలి. "ఆర్నెల్లు ఎవరి దగ్గరైనా తెచ్చి వేసుకోండి" అని సలహా. అప్పు తెచ్చిన డబ్బు చెల్లదని రూల్‌లోనే ఉంది.

ప్రొఫైల్ 2024 ఫిబ్రవరిలో పెట్టారు, వాళ్ల ఈమెయిల్‌తో, వాళ్ల పాస్‌వర్డ్‌తో. నా ఫైల్‌ని నేను తెరవలేను. అడిగితే "కంపెనీ పాలసీ". డబ్బు తీసుకుని కెనడా ఇమిగ్రేషన్ సలహా ఇవ్వాలంటే అక్కడి లాయరైనా అయ్యుండాలి, లేదా అక్కడి కాలేజీలో నమోదైన కన్సల్టెంట్, అంటే ఆర్‌సీఐసీ అయినా అయ్యుండాలి. కాలేజీ అంటే చదువుకునేది కాదు, కన్సల్టెంట్లని నియంత్రించే సంస్థ పేరే అది. ఎవరికి లైసెన్స్ ఉందో దాని రిజిస్టర్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. మీ ఆర్‌సీఐసీ నంబరు చెప్పండంటే "సార్ టొరంటోలో ఉంటారు" అన్నారు. నేనడిగింది ఊరు కాదు. అలాంటి ప్రతినిధి ఉంటే నేను సంతకం పెట్టాల్సిన ఐఎంఎం 5476 అనే ఫారం ఒకటుందని కూడా వాళ్లు చెప్పలేదు.

మార్చిలో నాకు 33 నిండాయి. కేకు కోసేసరికి ఐదు పాయింట్లు కోసేశారు, 403. ఆ ఏడాది మామూలు డ్రాల (పిలుపుల విడతల) కటాఫ్ 520 పైనే నడిచింది. ఫ్రెంచ్ వచ్చినవాళ్లకి ఒకసారి 336కే పిలుపొచ్చింది, మనకి రాని భాష. ఏ ప్రావిన్సూ నన్ను పిలవలేదు.

అప్పుడు నెల్లూరు అబ్బాయి కొత్త మాట తెచ్చాడు. "ఎల్ఎమ్ఐఏ జాబ్ ఆఫర్ చూపిద్దాం అక్కా, 50 పాయింట్లు. కాస్త ఖర్చవుతుంది." ఎల్ఎమ్ఐఏ అంటే విదేశీయుణ్ణి పెట్టుకోవడానికి అక్కడి కంపెనీ తెచ్చుకునే ప్రభుత్వ అనుమతి. కాస్త అంటే ఎనిమిది లక్షలు. ఉద్యోగం ఇచ్చేవాడు మన దగ్గర డబ్బు తీసుకోవడమేంటని మా ఆయన అక్కడే లేచి నిలబడ్డాడు. కోపంలో ఆయన చేసిన మంచి పనుల్లో అదొకటి. ఇలా ఆఫర్లు అమ్ముకోవడం ఎక్కువైందనే కెనడా 2025 మార్చి 25 నుంచి జాబ్ ఆఫర్ పాయింట్లే తీసేసింది. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన అప్పటికే కట్టేశాడు. ఎవరికి, ఎంత అని అడగలేదు, అడిగితే బాధపడతాడు.

ప్రొఫైల్ ఏడాదికి ముగిసిపోతుంది. 2025 ఫిబ్రవరిలో ముగిసింది. రెన్యువల్ చార్జీ కట్టమని మెసేజ్ వచ్చింది. ఉచితంగా పెట్టే ప్రొఫైల్‌కి రెన్యువల్ చార్జీ! ఆ రోజే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. తర్వాత లాయర్ నోటీసు పంపాం. అగ్రిమెంట్‌లో చిన్న అక్షరాల్లో ఫీజు తిరిగివ్వబడదు అని ఉంది నిజమే. కానీ 1008 అని సున్నా చుట్టిన కాగితం నేను దాచుకున్నాను. జిల్లా కమిషన్‌లో ఐదు లక్షల లోపు ఫిర్యాదుకి ఫీజేమీ ఉండదు, వేయడానికి సిద్ధమయ్యాం. వాళ్లే ఫోన్ చేశారు. 55 వేలు తిరిగిస్తాం, బయట పేరు రాయొద్దన్నారు. మా ఆయన పోరాడదామన్నాడు. నాకు ఓపిక లేదు, ఒప్పుకున్నాను.

ఇప్పుడు మేం జర్మనీ వెళ్తున్నాం. ఆయనకి అక్కడి కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది, బ్లూ కార్డ్ అనే ఉద్యోగ అనుమతి మీద. పేరుకి ఇదీ తాత్కాలికమే. కానీ 27 నెలలు పనిచేసి పెన్షన్ కట్టుకుంటే శాశ్వత నివాసం అడగొచ్చు, జర్మన్ భాషలో బీ1 స్థాయి వస్తే 21 నెలలకే. మనం ఏ దేశంలో పుట్టామన్న దానితో క్యూ మారదు. అన్నయ్యకి ఫోన్‌లో చెబితే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "21 నెలలా?" అని మళ్లీ అడిగాడు. కాగితాలు మేమే చేసుకున్నాం. మనిషికి 75 యూరోలు వీసా ఫీజు. వారానికి మూడు రోజులు ఇందిరానగర్ సీఎంహెచ్ రోడ్డులో మాక్స్‌ముల్లర్ భవన్‌కి జర్మన్ క్లాసుకి వెళ్తున్నాను. నామవాచకాలకి లింగాలు పెట్టిన తీరు చూస్తే తెలుగు వ్యాకరణం మీద ప్రేమ పుడుతుంది.

చెక్కు తీసుకోవడానికి ఆ ఆఫీసుకి చివరిసారి వెళ్లిన రోజు, సోఫాలో ఒక జంట కూర్చున్నారు. గుంటూరు యాస. ఆ అమ్మాయి ఒళ్లో ప్లాస్టిక్ ఫోల్డర్, పైన తెల్లకాగితం, దాని మీద సున్నా చుట్టిన నాలుగంకెల నంబరు. లోపల చెక్కుతో పాటు నోరు విప్పనని సంతకం కూడా పెట్టొచ్చాను కదా, ఆఫీసు గురించి ఏమీ అనలేదు. లిఫ్ట్ దగ్గర ఆ అమ్మాయి నీళ్ల బాటిల్ కోసం బయటికొస్తే అడిగాను.

"రైటింగ్ ఎంత వచ్చిందమ్మా?"

"ఆరున్నర అక్కా. మళ్లీ రాయమంటున్నారు."

"పరీక్ష అయి ఎన్ని రోజులైంది?"

"మూడు వారాలు."

ఇంకా టైముంది. లిఫ్ట్ వచ్చేలోపు ఫోన్‌లో ఆ పేజీ తెరిచి చూపించాను.