చిక్కటి చమురుకు ఏది మేలు: ఆవిరా, సర్ఫ్యాక్టెంటా, నానో కణాలా?

చిక్కటి (భారీ) చమురున్న భూగర్భ రాతిపొరలోకి ఉత్త నీళ్లు పంపితే అవి చమురును నెట్టవు. నీటి చిక్కదనం సుమారు 1 సెంటీపాయిజ్, చమురుది వందలు, వేలు, ఒక్కోచోట లక్షలు. నీళ్లు సందు చూసుకుని పాయలుగా చీలి ఉత్పత్తి బావికి చేరిపోతాయి, చమురు చాలావరకు ఉన్నచోటే ఉండిపోతుంది. కాబట్టి చమురునైనా పలచన చెయ్యాలి, తోసే ద్రవాన్నైనా చిక్కబరచాలి.

పలచన చేయడంలో ఆవిరికి సాటి లేదు. కెనడాలోని అతబాస్కాలో సుమారు 5 మీటర్ల ఎడంతో ఒకదాని కింద ఒకటి రెండు అడ్డబావులు వేసి, పైదాంట్లోంచి ఆవిరి పంపుతారు. వేడెక్కిన బిటుమెన్ (తారులాంటి చమురు) కిందిదాంట్లోకి జారుతుంది. పొర మందంగా ఉండి, మరీ లోతు లేకపోతే నా ఓటు దీనికే, ఇంకో మాట లేదు. పొర సన్నదైతే మాత్రం వేడి పైనా కిందా ఉన్న రాతికే పోతుంది. లోతు పెరిగేకొద్దీ పీడనం పెరిగి ఆవిరి మోసుకెళ్లే గుప్తోష్ణం (నీరుగా మారేటప్పుడు అది వదిలే వేడి) తగ్గిపోతుంది. 221 బార్ల దగ్గర అది సున్నా.

అక్కడే ఎమల్షన్ల, అంటే ఒక ద్రవంలో ఇంకో ద్రవం సన్న బొట్లుగా కలిసిన మిశ్రమాల, అవసరం వస్తుంది. ఎమల్షన్ నీళ్లకంటే చిక్కన. పైగా దాని బొట్లు నీళ్లు అలవాటుపడిన దారుల్లో ఇరుక్కుని, వెనక వచ్చే నీటిని చమురు మిగిలిన వైపు మళ్లిస్తాయి. ఆ బొట్లను చెదరకుండా పట్టి ఉంచేది ఎవరన్నదే అసలు పోటీ.

సబ్బులాంటి సర్ఫ్యాక్టెంట్ అణువులు బొట్టు మీదికి వస్తూ పోతూ ఉంటాయి. కొన్ని రాతికి అంటుకుపోతాయి, వేడికీ ఉప్పుకీ కొన్ని పనికిరాకుండా పోతాయి. సిలికా నానో కణం తీరు వేరు. 10 నానోమీటర్ల వ్యాసార్ధం, 30 మిల్లీన్యూటన్/మీటర్ తలతన్యత, 90 డిగ్రీల స్పర్శకోణం (కణాన్ని నీరు ఎంత తడుపుతుందో చెప్పే కోణం) అనుకుని లెక్క వేయండి: దాన్ని బొట్టు మీంచి ఊడదీయడానికి గది ఉష్ణోగ్రత దగ్గరి ఉష్ణచలన శక్తికి (కేటీ) సుమారు 2300 రెట్లు కావాలి. ఒకసారి ఎక్కిందంటే దిగదన్నమాట. అయితే కోణం 30 డిగ్రీలకు పడితే అదే లెక్క 40 రెట్ల దగ్గరకొస్తుంది. నీటిని బాగా ఇష్టపడే మామూలు సిలికా చాలదని, ఉపరితలాన్ని కొంత నీటికి విముఖంగా మార్చాలని చెప్పేది ఇందుకే. ‘నానో’ అని పేరు పెట్టి ఏ పొడి కలిపినా పని జరగదు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఉప్పునీటిలో కణాల మధ్య విద్యుత్ వికర్షణ తగ్గి అవి గుంపుకడతాయి. ఆ గుంపులు బావి మొదట్లోనే రంధ్రాలు మూసేస్తే చమురు మాట అలా ఉంచి, ఇంజెక్షనే ఆగుతుంది.

సన్న పొర, ఒక మోస్తరు చిక్కదనం, ఉప్పు తక్కువ ఉంటే నేను ముందు పాలిమర్ కలిపి చిక్కబరచిన నీటిని చూస్తాను. దాని అనుభవం క్షేత్రాల్లో ఉంది, నానో ఎమల్షన్లు ఇంకా ఎక్కువగా ప్రయోగశాలలోనే ఉన్నాయి. ఉప్పూ వేడీ పాలిమర్‌ను తినేసే చోట మాత్రం నానో కణాలకే మొగ్గుతాను, ఒక షరతు మీద. రాతిలో వేల రెట్ల పట్టుతో నిలబడిన బొట్టు పైకొచ్చాక, చమురునీ నీటినీ విడదీసే సెపరేటర్లోనూ అలాగే నిలబడుతుంది. కాబట్టి ఎవరైనా ఈ పథకం పట్టుకొస్తే, ఎంత అదనపు చమురు వస్తుందని కాదు, ఆ బొట్లను పైన ఎలా విరగ్గొడతారని మొదట అడుగుతాను: పీహెచ్ మార్చా, అయస్కాంత కణాలతోనా, ఎమల్షన్‌ను విరిచే ఉత్త రసాయనం (డీమల్సిఫయర్)తోనా?