మోటారు తీసి పక్కన పెట్టండి: గేర్ల కిట్‌పై నా సమీక్ష

యంత్రాలు ఎలా పనిచేస్తాయో హైస్కూలు పిల్లలకు చెప్పడానికి కొన్నేళ్లుగా ఒక ప్లాస్టిక్ గేర్ల కిట్ వాడుతున్నాను. 8, 16, 24, 40 పళ్ల గేర్లు, ఒక వర్మ్ గేరు (మరమేకులా మెలికలు తిరిగి ఉంటుంది), కప్పీలు, ఇరుసులు, చిల్లుల పట్టీలు, చేత్తో తిప్పే హ్యాండిల్, ఒక బ్యాటరీ మోటారు ఉంటాయి. వీటిలో బాగా పనికొచ్చింది హ్యాండిల్. అసలు పనికిరానిది మోటారు.

మోటారు పెడితే పిల్లలు చూస్తూ కూర్చుంటారు. భలే తిరుగుతోంది అంటారు, అంతే. హ్యాండిల్‌కు 8 పళ్ల గేరు తగిలించి దాంతో 40 పళ్ల గేరును తిప్పించండి. చెయ్యి ఐదు చుట్లు తిరిగితే గానీ అది ఒక్క చుట్టు తిరగదు. కానీ దాని ఇరుసుకు దారంతో బరువు కడితే సులువుగా లేస్తుంది. ఇప్పుడు రెండు గేర్లనూ తారుమారు చేసి అదే బరువు ఎత్తమనండి. "బిగుసుకుపోయింది సార్!" అంటారు. బిగుసుకుపోలేదు. వేగం పెరిగిన చోట బలం తగ్గిందని మణికట్టుకు తెలిసింది.

నేను పెట్టుకున్న నియమం ఒకటే: తిప్పేముందు ఏమవుతుందో చెప్పాలి. ఐదు గేర్లు వరసగా పెట్టి, మొదటిది కుడికి తిప్పితే చివరిది ఎటు తిరుగుతుందని అడుగుతాను. వేలితో గాల్లో ఒక్కో గేరునూ తిప్పుకుంటూ పోతారు. యంత్రం కదలికను ఊహించేటప్పుడు మనం అన్ని భాగాలనూ ఒకేసారి కదిలించలేమనీ, ఒకదాని తర్వాత ఒకటిగా వెళ్తామనీ కప్పీల బొమ్మలతో మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ హెగార్టీ 1992లో చూపించారు. క్లాసులో కనిపించేదీ అచ్చం అదే. కాసేపటికి ఎవరో ఒకరు "బేసి సంఖ్య అయితే అదే వైపు, సరి సంఖ్య అయితే ఎదురు" అని పట్టేస్తారు.

ఆ సంబరంలో ఉండగానే మూడు సమానమైన పట్టీలను ముక్కోణంలా బిగించి, మూడు మూలల్లో 24 పళ్ల గేర్లు పెట్టి ఇస్తాను. ఒకదానికొకటి తగులుతుంటాయి కాబట్టి ఏదీ కదలదు. గేరు పాడైందంటారు కొందరు, ఇంకొందరు ఇరుసు పీకి చూస్తారు. మూడోది మొదటిదాని వైపే తిరగాలి, పక్కనే ఉంది కాబట్టి ఎదురూ తిరగాలి, ఎలా కుదురుతుందని ఎవరో అడిగేదాకా నేను నోరు విప్పను. పీరియడ్ మొత్తం దీనికే పోయినా నాకు బాధ లేదు.

వర్మ్ గేరు కూడా బంగారమే. వర్మ్ తిప్పితే దానికి ఆనుకున్న పళ్ల గేరు తిరుగుతుంది, ఆ గేరు పట్టుకుని ఎంత తిప్పినా వర్మ్ కదలదు.

లోపాలూ ఉన్నాయి. కప్పీలు అంతంతమాత్రం. ఒరిపిడి ఎక్కువ, లెక్క ప్రకారం సగం బలం చాలాల్సిన చోట చాలదు. పట్టీ మీద 16, 24 పళ్ల గేర్లు నేరుగా కలవవు, చిల్లుల దూరం కుదరదు. బరువు ఎక్కువైతే ఇరుసులు మెలితిరుగుతాయి. 8 పళ్ల గేర్లు అన్నిటికన్నా ముందు అరిగిపోతాయి (ఎందుకని పిల్లల్నే అడుగుతాను, మంచి ప్రశ్న).

పదిమందికి ఒక కిట్ అయితే కొనకండి. హ్యాండిల్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లకే అర్థమవుతోంది, ఇద్దరికి ఒకటైనా ఉండాలి. మోటారు లేని రకం దొరికితే అదే తీసుకుని, మిగిలిన డబ్బుతో 8 పళ్ల గేర్లు అదనంగా తెప్పించుకోండి.