బేస్ క్లాసా, పేజ్ ఆబ్జెక్టా?

రుషికొండ ఐటీ హిల్ మీద మా టీమ్‌లో టీ తాగేటప్పుడల్లా ఇదే వాదన. సెలీనియం (బ్రౌజర్‌ను కోడ్‌తో నడిపి వెబ్‌సైట్‌ను పరీక్షించే టూల్) టెస్టులకు కావలసిన లాగిన్, స్క్రీన్‌షాట్, డేటా అన్నీ ఒకే బేస్ క్లాసులో, అంటే మిగతా వాటికి మూలమైన క్లాసులో కుక్కి, ప్రతి టెస్టూ దాన్నే ఎక్స్‌టెండ్ చేయడం (దాని కోడ్‌ను వారసత్వంగా తీసుకోవడం) మొదటి పద్ధతి. మొదటి వారం హాయిగా ఉంటుంది. ఆర్నెల్లకు మా బేస్ క్లాసు 1,200 లైన్లయింది. లాగిన్ అక్కర్లేని టెస్టు కూడా లాగిన్ అయి కూర్చునేది! పైగా జావాలో ఒక క్లాసు ఒక్క క్లాసునే ఎక్స్‌టెండ్ చేయగలదు. ఆ అవకాశం అక్కడే ఖర్చయిపోతుంది.

రెండోది పేజ్ ఆబ్జెక్ట్, అంటే వెబ్‌సైట్‌లో ఒక్కో పేజీకి ఒక్కో క్లాసు. పేమెంట్ పేజీకి ఒక క్లాసు, దాని లొకేటర్లన్నీ (పేజీలో బటన్ల లాంటివి ఎక్కడున్నాయో వెతికే గుర్తులు) ప్రైవేట్, బయటి కోడ్‌కు కనిపించవు. టెస్టు ‘డబ్బు కట్టు’ అన్న మెథడ్‌ను పిలుస్తుందంతే, బటన్ ఐడీ ఏమిటో దానికి తెలియదు. ఈ పద్ధతికి రాకముందు ఒకసారి డెవలపర్లు ఆ ఐడీ మారిస్తే, టెస్టుల్లో చెల్లాచెదురుగా ఉన్న పాత లొకేటర్ల వల్ల 40 టెస్టులు ఎర్రబడ్డాయి, అంటే ఫెయిలయ్యాయి. అవన్నీ సరిచేసేసరికి రాత్రి ఆఖరి బస్సు కూడా పోయింది. ఇప్పుడైతే ఒక్క లైను మారిస్తే సరి.

క్లాసులు ఎక్కువవుతాయి, నిజమే. అయినా నా ఓటు దీనికే. బేస్ క్లాసులో బ్రౌజర్ తెరవడం, మూయడం మాత్రం ఉంచాను. అసర్షన్లు (ఫలితం అనుకున్నట్టే వచ్చిందా అని చూసే లైన్లు) మాత్రం టెస్టులోనే, పేజ్ క్లాసులోకి రానివ్వను.