మయోఎలక్ట్రిక్ చేయి: ఆరేళ్ల వాడకం తర్వాత

2017 సెప్టెంబరులో గడ్డి కోసే యంత్రంలో నా ఎడమ చేయి పడింది. ముంజేయి సగం వరకు తీసివేయవలసి వచ్చింది. నరసరావుపేట దగ్గర మా ఊళ్లో పాల సంఘం లెక్కలు రాయడం, పొద్దునా సాయంత్రం పాలు పోయించుకోవడం నా పని. 2019 జనవరి నుంచి మయోఎలక్ట్రిక్ చేయి, అంటే మిగిలిన కండరాలు బిగిసినప్పుడు పుట్టే సన్నని విద్యుత్ సంకేతాలతో నడిచే కృత్రిమ చేయి వాడుతున్నాను. రెండు గేదెలను అమ్మగా వచ్చిన డబ్బుకు సంఘం సభ్యులు చందాలు కలిపితేనే అది నాకు దక్కింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇన్నేళ్లలో నేను పడిన సుఖదుఃఖాలు చాలావరకు సాకెట్, అంటే మిగిలిన ముంజేయి దూరే గట్టి తొడుగు, కుదరడం మీద, నేర్చుకున్న తీరు మీద ఆధారపడి వచ్చినవే.

నా చేతిలో బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిసి తెరుచుకుంటాయి, కలిసి మూసుకుంటాయి. మిగిలిన రెండు వేళ్లు ఆకారం కోసం ఉన్నవే. సాకెట్ లోపల చర్మానికి ఆనుకుని, కండరాల సంకేతాలను అందుకునే రెండు ఎలక్ట్రోడ్‌లు ఉంటాయి. లోపలి వైపు కండరం బిగిస్తే వేళ్లు మూసుకుంటాయి, బయటి వైపుది బిగిస్తే తెరుచుకుంటాయి. శిక్షణ మొదటి రోజు చేతికి తీగలు అంటించి, లేని అరచేతిని లోపలికి వంచుతున్నట్టు అనుకోమన్నారు. తెర మీద ఒక గీత లేచింది. ఏడాదికి పైగా ఏ పనీ చెప్పని కండరం ఇంకా నా మాట వింటోందని అప్పుడు తెలిసి కన్నీళ్లు ఆగలేదు. అయితే రెండు కండరాలూ ఒకేసారి బిగుసుకోకుండా, కావలసిన దాన్నే బిగించడం అలవాటు కావడానికి ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలు తగ్గించుకుని ఇంటికి వచ్చేసి, చేతిని బీరువాలో పెట్టేసిన ఇద్దరిని నేను ఎరుగుదును.

ఈ చేతికి స్పర్శ లేదు. ఎంత గట్టిగా పట్టుకున్నదీ కంటితో చూసి, మోటారు మోత విని తెలుసుకోవాలి. వేళ్లు ఖాళీగా మూసుకుంటున్నప్పుడు వినిపించే సన్నని మోత, వస్తువు తగలగానే బరువెక్కి మందగిస్తుంది. సరిగ్గా అక్కడే కండరాన్ని వదిలేయాలి. మా మేనకోడలి పెళ్లిలో బ్యాండు మేళం పక్కన నిలబడి కాగితం గ్లాసుతో మజ్జిగ అందుకున్నాను. మోత వినిపించలేదు, మాటల్లో పడి గ్లాసు వైపు చూడలేదు. గ్లాసు నలిగి మజ్జిగంతా చొక్కా మీద పడింది. అప్పటి నుంచి సందడిగా ఉన్న చోట ఏ గ్లాసునైనా కుడి చేత్తోనే పట్టుకుంటున్నాను.

అన్నిటికన్నా ముఖ్యమైనది సాకెట్. మొదటి సాకెట్ తయారు చేసినవారు రెండు రోజుల్లో పని ముగించి పంపించారు. మూడో నెలకు ఎముక చివర చర్మం ఎర్రబడి పుండైంది. మానేదాకా ఐదు వారాలు చేయి తొడుక్కోలేకపోయాను. రెండోసారి వేరే నిపుణుడు ముందుగా పారదర్శకమైన ప్లాస్టిక్‌తో ప్రయోగపు సాకెట్ చేసి తొడిగారు. ఎక్కడ ఒత్తిడి ఎక్కువైతే అక్కడ చర్మం తెల్లబడడం దాని గుండా కనిపిస్తుంది. చేయి చాపించి, మడిపించి, బరువు ఎత్తించి, ఆ తెల్లని మచ్చ ఉన్న చోటల్లా ప్లాస్టిక్‌ను వేడి చేసి సవరిస్తూ నాలుగు సార్లు తొడిగి చూశాకే అసలు సాకెట్ పోశారు. ఆ తర్వాత మళ్లీ పుండు పడలేదు. ఇది మోచేతి ఎముకలను రెండు వైపులా పట్టుకుని నిలుస్తుంది కనుక భుజానికి పట్టీ అక్కరలేదు. అందుకు బదులుగా మోచేయి పూర్తిగా మడవడం రాదు, మెడ దగ్గరి బొత్తాం ఈ చేతికి అందదు.

పల్నాడు ఎండలు దీనికి గట్టి పరీక్ష. ఏప్రిల్, మే నెలల్లో సాకెట్‌లో చెమట నిండి, ఎలక్ట్రోడ్‌లు జారి, మూయబోతే వేళ్లు తెరుచుకుంటాయి. మధ్యాహ్నం ఒకసారి విప్పి, తుడిచి, ఆరనిచ్చి మళ్లీ తొడుక్కోక తప్పదు. చలికాలం ఉదయం ఇందుకు విరుద్ధంగా చర్మం పొడిబారి సంకేతం అందదు. అప్పుడు తడిగుడ్డతో అద్దుకుంటాను. బ్యాటరీని రాత్రిపూట ఛార్జింగులో పెడితే రోజంతా వచ్చేది, నాలుగో ఏట కొత్తది కొనవలసి వచ్చింది. పైనుండే గ్లౌజు మీద సిరా గానీ పసుపు గానీ పడితే ఇక పోదు. ఇప్పటికి నాలుగు మార్చాను.

పాల కేంద్రంలో తెల్లవారుజామున అంతా తడి. మోటారులోకి నీరు చేరకూడదు కనుక ఆ మూడు గంటలూ భుజం పట్టీకి కట్టిన తీగతో నడిచే ఉక్కు కొక్కెం తగిలించుకుంటాను. రెండుగా చీలి తెరుచుకునే ఈ కొక్కేనికి 1912లో పేటెంటు పొందిన అమెరికన్ డోరెన్స్ కూడా చేయి పోగొట్టుకున్నవాడే. కొక్కెం ఎంత తెరుచుకున్నదీ భుజానికి తగిలే లాగుడుతో చూడకుండానే తెలుస్తుంది. క్యాన్ పిడికి తగిలించి లాగవచ్చు, నీళ్లతో కడిగేయవచ్చు. చూపులకు బాగుండదని దీన్ని వద్దనేవారి బాధ నాకు అర్థమవుతుంది, కానీ పని చేసుకుని బతికేవారికి రెండూ ఉండడం మంచిదని నా గట్టి నమ్మకం. ఎనిమిదింటికి పాల వ్యాను వెళ్లిపోయాక మయోఎలక్ట్రిక్ చేయి తొడుక్కుంటాను. నమూనా సీసాను అది నిలకడగా పట్టుకుంటే, కుడి చేత్తో చీటీ మీద సభ్యుడి నంబరు రాసి అంటిస్తాను. ఆ పనికి పూర్వం సీసాను మోకాళ్ల మధ్య ఇరికించుకునేవాణ్ని.

నేను ఎదురుచూడని మేలు ఒకటి జరిగింది. పోయిన చేయి పిడికిలి బిగించుకుని గోళ్లు అరచేతిలో దిగుతున్నట్టు రాత్రుళ్లు నొప్పి వచ్చేది. 1990లలో నాడీశాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ ప్రచారంలోకి తెచ్చిన అద్దం పద్ధతిని, అంటే ఉన్న చేతి ప్రతిబింబాన్ని లేని చేయిగా భావిస్తూ కదిలించడాన్ని, మా ఫిజియోథెరపిస్టు నేర్పించారు. దానితో కొంత తగ్గింది. ఈ చేయి వచ్చాక, దాని వేళ్లు తెరిచినప్పుడల్లా లోపలి ఆ పిడికిలి కూడా వదులైనట్టు అనిపిస్తుంది. నా ఒక్కడి అనుభవంగానే దీన్ని చెబుతున్నాను.

వేళ్లన్నీ విడివిడిగా కదిలే చేతులు 2007లో ఐ-లింబ్ అనే కృత్రిమ చేతితో మార్కెట్లోకి వచ్చాయి. ఇప్పుడు మన దేశంలోనూ తయారవుతున్నాయి. అలాంటిది తీసుకోమంటారా అని కొందరు అడుగుతున్నారు. మీకు దగ్గరలో, వారంలో రెండుసార్లు బస్సులో వెళ్లిరాగల దూరంలో సాకెట్ సవరించే మనిషి ఉన్నాడో లేదో ముందు కనుక్కోండి. అతని దగ్గర పారదర్శకమైన సాకెట్ తొడుక్కుని, కనీసం గంటసేపు ఎండలో తిరిగి వచ్చి, చర్మం చూపించుకున్నాకే డబ్బు కట్టండి.